మీకు తెలుసా? డోరేమాన్‌కు గొంతిచ్చిన ఓయామా నొబుయో

• జపాన్‌లో 1979 ఏప్రిల్ నుంచి 2005 మార్చి దాకా టీవీ కార్టూన్‌లో రోబో పిల్లి డోరేమాన్ పలికిందంతా ఓయామా నొబుయో అనే నటి గొంతుతోనే. మొదలుపెట్టేనాటికి ఆవిడ వయసు 45, వదిలేసేనాటికి 71.

• 1933లో టోక్యోలోని షిబుయాలో పుట్టారు. చిన్నప్పటి నుంచీ బొంగురు గొంతు. నోరు తెరిస్తే చాలు, బళ్లో పిల్లలు పకపకా నవ్వేవారు. దాంతో మాట్లాడటమే మానేసిన కూతురికి తల్లి చెప్పింది ఒక్కటే: బలహీనంగా ఉన్నదాన్ని దాచుకుంటే ఇంకా బలహీనపడుతుంది, కాబట్టి ఆ గొంతునే బాగా వాడు. ఆ పిల్ల నేరుగా వెళ్లి బడి ప్రసారాల బృందంలో చేరింది. ఎగతాళి చేసిన వాళ్లందరికీ మైకులో వినిపించడం! ఇంతకన్నా మంచి జవాబు ఉంటుందా?

• ఆవిడకు నటనలో పునాది నాటకరంగమే. టోక్యోలో పేరున్న హైయూజా నాటక సంస్థ శిక్షణాలయంలో చదువుకున్నారు. 1956లో టీవీ నాటకంలో కనిపించారు. ఆ మరుసటి ఏడే 'లాసీ' అనే అమెరికన్ కుక్క సీరియల్ డబ్బింగుతో గొంతు నటనలోకి వచ్చారు.

• 'రైలుబడి' చదివారా? ఆ పుస్తకం రాసిన తెత్సుకో కురొయనాగి, ఓయామా అక్కాచెల్లెళ్లు కాదు గానీ, టీవీలో తోడబుట్టిన పందిపిల్లలు! 1960లో ఎన్‌హెచ్‌కేలో మొదలైన పిల్లల కార్యక్రమంలో మూడు పందిపిల్లల్లో పెద్దదానికి ఓయామా, చిన్నదానికి తెత్సుకో గొంతిచ్చారు.

• అసలు డోరేమాన్‌కు ఓయామా మొదటి గొంతు కాదు. 1973లో వేరే ఛానల్లో ఓ సీరియల్ వచ్చి, ఆర్నెల్లకే ఆగిపోయింది. అందులో మొదట తొమితా కోసే అనే నటుడు, తర్వాత నొజావా మసాకో డోరేమాన్ అయ్యారు. ఈ మసాకోయే తర్వాత 'డ్రాగన్ బాల్'లో గోకూ. తమాషా ఏమిటంటే, డోరేమాన్ చూసుకునే కుర్రాడు నోబిత; ఆ సీరియల్లో అతని తల్లికి గొంతిచ్చిన ఒహారా నొరికో 1979లో నోబితగా మారారు. నోబితను తన్నే జియాన్‌గా చేసిన కిమోత్సుకి కనేత, జియాన్ వెంట తిరిగే సునియో అయ్యారు. తన్నేవాడు పోయి తన్నేవాడి పక్కన చేరాడన్నమాట.

• ఓయామా చేసిన గొప్ప పని గొంతివ్వడం ఒక్కటే కాదని నాకనిపిస్తుంది. స్క్రిప్టులో మోటు మాటలుంటే ఆవిడ మార్చేసేవారు. పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన రోబో తిట్టదని ఆవిడ పట్టుదల. 'నమస్తే, నేను డోరేమాన్‌ని' అంటూ మర్యాదగా పలకరించడం కూడా ఆవిడ సొంతంగా చేర్చిందే. అది విన్న సృష్టికర్త ఫుజికో ఎఫ్. ఫుజియో, డోరేమాన్ గొంతు ఇలా ఉంటుందా అని తనకే అప్పుడు తెలిసినట్టు మెచ్చుకున్నారట.

• వంటల పుస్తకాలు రాశారు. బంతితో ఇటుకలు పగలగొట్టే 'అర్కనాయిడ్' వీడియో గేమ్‌లో ఆరితేరినవారు.

• 2010లో 'డాంగన్‌రోన్పా' గేమ్‌లో విద్యార్థుల చేత ఒకరినొకరు చంపించే మోనోకుమా అనే ఎలుగుబంటికి గొంతిచ్చారు. పాతికేళ్లకు పైగా పిల్లల్ని లాలించిన గొంతు అంత క్రూరంగా నవ్వేసరికి జపాన్ కుర్రకారు ఒళ్లు జలదరించి ఉంటుంది!

• ఆవిడకు మతిమరుపు వ్యాధి వచ్చిన సంగతిని 2015లో భర్త, నటుడు సగావా కేసుకే రేడియోలో బయటపెట్టారు. భార్య గురించి ఆ ఏడే పుస్తకం కూడా రాశారు. 2017లో ఆయనే ముందు వెళ్లిపోయారు. 2024 జులైలో నోబిత గొంతు ఒహారా, సెప్టెంబరు 29న తొంభయ్యో ఏట ఓయామా కన్నుమూశారు.

• మన పిల్లలు తెలుగులో చూసిన డోరేమాన్‌ది డబ్బింగు గొంతు. ఓయామాను వినాలనుంటే, నోబిత డైనోసార్‌ను పెంచే మొదటి డోరేమాన్ సినిమాను జపనీస్‌లో చూడండి. 1980 నాటిదేనా అని మాత్రం సరిచూసుకోండి. అదే కథను 2006లో మళ్లీ తీశారు, అందులో ఉన్నది ఆవిడ తర్వాత వచ్చిన మిజుతా వాసాబి గొంతు.