చుక్కల పురిటింట కర్బనపు వెలుగు

చీడికాడ పరిసరములలో చెరకు గానుగలాడు కాలమున, రాత్రి బెల్లపు పొయ్యిలు చల్లారిన పిదప, కోనాం జలాశయపు గట్టుమీద నిలిచి తల యెత్తి చూచినవారికి ఆర్ద్రా నక్షత్రమునకు దాపున ఒకే వరుసలో మూడు చుక్కలు కనబడును. వీనిని పాశ్చాత్యులు ఓరియన్ అను వేటగాని నడికట్టుగా భావించిరి. నడికట్టునుండి వ్రేలాడు కత్తివలె దిగువ మరికొన్ని సన్నని చుక్కలున్నవి. వానిలో నడిమిది కొంచెము అలికినట్లుండును. అది మన కంటి దోషము కాదు. సుమారు 1,300 కాంతి సంవత్సరముల దూరమున నున్న వాయుమేఘమది. నేటికిని అందు క్రొత్త చుక్కలు పుట్టుచున్నవి.

చుక్క పుట్టుట యనగా నేమి? చల్లని వాయువు తన బరువునకు తానే కుంగి, దగ్గరపడి, ముద్దకట్టుట. చెప్పుటకు ఇంతే. కాని దీనికొక అడ్డున్నది. సైకిలు పంపును గట్టిగా కొట్టినప్పుడు దాని గొట్టము వేడెక్కుట మీరెరుగుదురు. అణగిన వాయువు వేడెక్కును. వేడెక్కిన వాయువు వెలుపలికి త్రోయును. ఆ వేడి బయటికి పోయినగాని మేఘము ఇంకను కుంగజాలదు. పొయ్యిమీదినుండి దించిన పాకము వేడి విడిచినగాని దిమ్మ కట్టదు గదా! పోలిక ఇంతవరకే సరి. బెల్లమును లోపలికి లాగునది గురుత్వాకర్షణ కాదు.

మరి మేఘపు వేడిని మోసికొని పోవునది ఎవరు? మేఘములో అధికభాగము హైడ్రోజన్. అంతటి చలిలో హైడ్రోజన్ అణువులు దాదాపు మూగవి, వెలుగును వెడలింపలేవు. ఆ పనిలో పెద్దపాలు కర్బనమునది. మన పొయ్యిలోని బొగ్గు, గోడకు పట్టిన మసి ఏ మూలకమో అదియే ఇది. మేఘమునందు పదివేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి రెండు కర్బన పరమాణువులు మాత్రమే వాయురూపమున నుండును. అయినను అవి ఇతర కణములతో ఢీకొని శక్తిని గ్రహించి, దానిని సూక్ష్మమైన తరంగముగా విడిచివేయును. తరంగము మేఘమును దాటి పోవును. దానితో కొంత వేడియు పోవును.

మీ యింటి రేడియోలో వినబడు మధ్యతరంగములు వందల మీటర్ల పొడవు గలవి. కర్బన పరమాణువు పంపు తరంగముల పొడవు 0.609, 0.370 మిల్లీమీటర్లు. ఒక ఎలక్ట్రానును పోగొట్టుకొన్న కర్బనము పంపునది 0.158 మిల్లీమీటర్లు. ఇవి రేడియోకును కంటి వెలుగునకును నడిమి సీమకు చెందినవి.

కర్బనమునుండి ఎలక్ట్రానును ఊడదీయుట హైడ్రోజన్‌నుండి తీయుటకంటె తేలిక. కావున వేడి చుక్కకు దగ్గరగా నున్న మేఘపు అంచున కర్బనము ఎలక్ట్రానును కోల్పోయి యుండును; చుక్క వెలుగు చొరని లోతున ప్రాణవాయువుతో కలిసి కార్బన్ మోనాక్సైడు అగును; నడుమ పలుచని పొరలో మాత్రమే విడి పరమాణువులుండును. శాస్త్రజ్ఞులు మొదట ఇట్లే లెక్కకట్టిరి. చూడగా వేరుగా నున్నది. జపానువారు 1998లో ఫ్యూజీ పర్వతముమీద 1.2 మీటర్ల దుర్భిణిని నిలిపి, ఓరియన్ మొదలగు మేఘములలో ఈ విడి కర్బనమును వెదకిరి. అది పలుచని పొరకు పరిమితము కాక మేఘమంతట విస్తరించి యున్నది. మేఘము గోడవలె గట్టిది కాదనియు, మామిడితోపులో ఆకుల సందుల ఎండ దిగినట్లు చుక్కల వెలుగు దాని లోపలికి దిగుచున్నదనియు దీనికి ముఖ్యముగా చెప్పబడు కారణము.

ఫ్యూజీవంటి ఎత్తు ఏల? మన గాలిలోని నీటియావిరి ఈ తరంగములను మ్రింగివేయును. సముద్రపు గాలి వీచు మన సీమలో, ఈ తరంగములను మాత్రమే చూడగల కన్ను మనకుండినచో, రేయింబవళ్లు ఆకాశము మూసిన తలుపువలె నుండును! 0.158 మిల్లీమీటర్ల తరంగమునకైతే పర్వతశిఖరమును చాలదు. 1980లో ఈ రెండు తెగల కర్బనపు వెలుగులను తొలిసారి పట్టినది విమానములలో అమర్చిన దుర్భిణులతోనే.

విమానముకంటెను ఎత్తునకు పోయినది మన హైదరాబాదు బెలూను. టాటా మౌలిక పరిశోధన సంస్థ 1969లో అచట నెలకొల్పిన కేంద్రమునుండి ఒక మీటరు దర్పణము గల దుర్భిణిని, హైడ్రోజన్ నింపిన బెలూనుకు కట్టి, సుమారు 30 కిలోమీటర్ల ఎత్తునకు పంపిరి. బెలూను పాలిథీన్ పొర తలవెంట్రుక మందమైనను ఉండదు. ఉష్ణమండలమునందు 17 కిలోమీటర్ల ఎత్తున చలి మైనస్ 80 డిగ్రీల ప్రాంతమునకు దిగును. వేడిదేశపు ఆకాశమే అచట ఎక్కువ చల్లన! సామాన్యమైన ప్లాస్టిక్ అయినచో గాజువలె పెటిలిపోవును. దానికి ఓర్చు పొరను సిద్ధపరచుటయే ఒక విద్య. కర్బనపు తరంగమును వేరుచేయు యంత్రమును జపాను శాస్త్రజ్ఞులు సమకూర్చిరి. దాని గ్రాహకమును ద్రవ హీలియముతో మైనస్ 270 డిగ్రీల చెంతకు చల్లబరుపవలెను. లేనిచో యంత్రము తన వేడినే తాను చూచుకొనును. ఈ జోడింపుతో తొలిసారి ఎగిరినప్పుడు ఓరియన్ మేఘములో పూర్ణచంద్రుని వెడల్పంత పొడవును, అందు సగము వెడల్పును గల భాగమునకు పటము గీచిరి. ఆ ఫలితములు 2003లో వెలువడినవి. కర్బనపు వెలుగు వేడి చుక్కల చుట్టునే కాక దూరముగను పరచుకొని యుండుట అందు కనబడినది.

వాయువు ఎంత వేగముతో కదలుచున్నదో మాత్రము ఆ యంత్రము సూక్ష్మముగా చెప్పజాలదు. ఆ కొరత సోఫియా అను విమాన దుర్భిణి తీర్చినది. దానితో చేసిన పరిశీలనలు 2019లో ప్రచురింపబడినవి. ఓరియన్‌లో మిక్కిలి వేడియైన చుక్క ఒకటి తన గాలితో చుట్టునున్న వాయువును బుడగవలె ఊది, సెకనుకు 13 కిలోమీటర్ల వేగమున వెలుపలికి నెట్టుచున్నది. ఆ వాయువే క్రొత్త చుక్కలకు ముడిసరకు. ముందు పుట్టిన చుక్క తరువాతి వానికి చోటు లేకుండ చేయుచున్నదన్నమాట! సోఫియా 2022లో పని చాలించినది.

హైదరాబాదు బెలూనును గూర్చి ఒక ముక్క మిగిలినది. పరిశీలన ముగిసిన పిమ్మట దుర్భిణిని బెలూనునుండి విడదీసి పారాచూటుతో దింపుదురు. గాలి యెటు కొనిపోయిన అటు, ఏ కందిచేనిలోనో చెరువుగట్టునో అది దిగును. విప్పవలదు, కదల్పవలదు, దగ్గరి పోలీసులకు తెలుపుడని దానిపై తెలుగుతో సహా పలు భాషలలో వ్రాసి యుందురు. దర్పణము పగులక, తీగలు తెగక చేతికి వచ్చినగాని మరల ఎగురదు. ఓరియన్ పటము గీచిన దుర్భిణి పలుమారులు ఎగిరినది. ప్రతిసారియు ఎవరో ఒకరి పొలమున దిగి, అచటినుండి బండిమీద హైదరాబాదు చేరవలసివచ్చెడిది.