పాడి పశువులలో పిచ్చికుక్క కాటు వ్యాధి: గుర్తింపు, జాగ్రత్తలు

ఒకనాటి వ్యవసాయ గ్రామమైన బాలాపూర్ నేడు హైదరాబాద్ శివారులో కలిసిపోయింది. ఇటువంటి శివారు ప్రాంతాలలో పాడి కొట్టాలు, కాలనీలు, చెత్తకుప్పలు పక్కపక్కనే ఉండటం వలన వీధికుక్కలు పశువుల నడుమ నిత్యం సంచరిస్తుంటాయి. రాత్రివేళ కొట్టంలో పశువును కుక్క కరచినా యజమాని కంటబడకపోవచ్చు. గాయం మానిన తరువాత, కొన్ని వారాలకు లేదా నెలలకు రేబిస్ బయటపడుతుంది.

లక్షణాలు: పశువులలో ఉద్రేక రూపంతో పాటు పక్షవాత రూపం కూడా తరచుగా కనిపిస్తుంది. పశువు మేత మానివేస్తుంది, మింగలేక చొంగ కారుస్తుంది. అరుపు బొంగురుపోతుంది. పదేపదే ముక్కుతుంది. వెనుక కాళ్లు పట్టు తప్పి చివరకు పడిపోతుంది. గొంతులో ఏదో అడ్డుపడిందని భావించి యజమాని నోటిలోకి చేయి పెట్టడం ఇక్కడ జరిగే అతి పెద్ద పొరపాటు. చేతిపై చిన్న గీరుడున్నా లాలాజలం ద్వారా వైరస్ శరీరంలోకి ప్రవేశించగలదు. చొంగ కార్చే పశువును రేబిస్ అనుమానంతోనే పరీక్షించాలి. చేతి తొడుగులు లేకుండా నోటిని తాకరాదు.

కాటు పడిన వెంటనే: గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాల పాటు కడిగి, పోవిడోన్ అయోడిన్ పూయాలి. పసుపు, సున్నం, కారం పెట్టరాదు. మొదటి టీకా రోజును సున్నగా లెక్కించి 0, 3, 7, 14, 28వ రోజులలో పశువైద్యుని చేత టీకాలు వేయించాలి. లక్షణాలు కనిపించిన తరువాత చికిత్స లేదు. లాలాజలం సోకిన మనుషులు కూడా ఆ భాగాన్ని ఇదే విధంగా కడుక్కొని, ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి.

పాలు, కళేబరం: అనుమానిత పశువు పాలను వాడరాదు, అమ్మరాదు. అయితే కాచిన పాలలో వైరస్ నశిస్తుంది కనుక, అంతకుముందు కాచిన పాలు త్రాగినవారు భయపడనవసరం లేదు. పచ్చిపాలు త్రాగినవారు వైద్యుని సంప్రదించాలి. చనిపోయిన పశువు చర్మం ఒలవకుండా లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చాలి.

నివారణ: పెంపుడు కుక్కకు మూడు నెలల వయస్సులో మొదటి టీకా, పశువైద్యుడు సూచించిన గడువులో బూస్టర్, ఆపై ఏటా ఒక టీకా తప్పనిసరి. ఒక ప్రాంతంలోని కుక్కలలో కనీసం 70 శాతానికి టీకాలు వేసినప్పుడే వ్యాధి వ్యాప్తి ఆగుతుందని నిపుణుల అంచనా. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి 1982లో నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ పశువులకు రేబిస్ టీకాను హైదరాబాద్‌లోనే తయారుచేస్తున్నది. కొరత అవగాహనలోనే ఉన్నది. కనుక విస్తరణ సిబ్బంది ఏటా సెప్టెంబరు 28న జరిగే ప్రపంచ రేబిస్ దినాన్ని కుక్కల టీకాలకే పరిమితం చేయక, పాడి కొట్టాల వద్దకు కూడా వెళ్లి ‘నోటిలో చేయి పెట్టవద్దు’ అన్న ఒక్క మాటనైనా ప్రతి యజమానికీ చేర్చాలి.