రాత్రి 2 గంటలకు మీ ఇంటి కెమెరా ఏం చేస్తుంది? గరికపాడులో నేను చేసిన టెస్ట్

మార్చి నెల, మిరపకాయల సీజన్. రాత్రి 1:52కి గరికపాడులో మా ఇంటి వెనక గోడ దూకి ఒకడు లోపలికి వచ్చాడు. పశువుల కొట్టం పక్క నుంచి నడిచి వంటింటి తలుపు దగ్గర ఆగాడు. గొళ్లెం లాగి చూశాడు. భుజంతో ఒకసారి నెట్టాడు. లోపల మా అమ్మ, నాయనమ్మ నిద్రపోతున్నారు. నాన్న కాయలకు కాపలాగా కల్లంలో పడుకున్నాడు. ఇంతలో పక్కింటి కుక్క మొరగడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. వాడు వచ్చిన దారినే వెళ్లిపోయాడు. మొత్తం నాలుగు నిమిషాలు.

ఇదంతా నాకెలా తెలుసంటే, అక్కడ కెమెరా పెట్టింది నేనే కాబట్టి. 2కే రిజల్యూషన్, నైట్ విజన్, మనిషిని గుర్తుపట్టే ఏఐ, అన్నీ ఉన్నాయి. నోటిఫికేషన్ కూడా కరెక్ట్‌గా 1:52కే వచ్చింది. నేను చూసింది మాత్రం పొద్దున 7 గంటలకి, హైదరాబాద్ రూమ్‌లో టీ తాగుతూ.

రివ్యూ రాస్తే ఆ వీడియో క్వాలిటీకి 10కి 9 ఇచ్చేవాణ్ణి. కానీ ఆ రాత్రి మా అమ్మకి దానివల్ల జరిగిన మేలు సున్నా. కాపాడింది కుక్క, అది కూడా మాది కాదు.

అందుకే "అన్నా, ఇంటికి ఏ కెమెరా కొనాలి?" అని అడిగేవాళ్లందరికీ ఈసారి మోడల్ పేరు చెప్పడం లేదు. ఆ శనివారం ఊరెళ్లి ఏం టెస్ట్ చేశానో, ఏవి ఫెయిల్ అయ్యాయో, ఏం మార్చానో చెప్తాను.

ముందు అసలు ప్రమాదం ఏంటి?

గరికపాడు అంటే హైదరాబాద్–విజయవాడ మధ్య తిరిగేవాళ్లకి చెక్‌పోస్ట్ గుర్తొస్తుంది. 65వ నంబర్ జాతీయ రహదారి, పక్కనే పాలేరు, బ్రిడ్జి దాటితే తెలంగాణ. మొన్నటిదాకా కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. సీజన్‌లో మగవాళ్లు కల్లాల్లో ఉంటారు. ఇళ్లల్లో ఆడవాళ్లు, పెద్దవాళ్లు మిగులుతారు. కాయలు అమ్మిన డబ్బు ఒకటి రెండు రోజులైనా బీరువాలో ఉంటుంది. ఈ సంగతి అందరికీ తెలుసు, దొంగలతో సహా.

దొంగ ఒక్కడే వచ్చి దొరికింది పట్టుకుపోతే అదో రకం. ఇంట్లో మనుషులు ఉన్నారని తెలిసి కూడా గుంపుగా వచ్చేవాళ్లది ఇంకో రకం. 2021 డిసెంబర్ గుర్తుందా? విజయవాడ చిట్టినగర్, గుంటుపల్లి, పోరంకి, తాడేపల్లి దగ్గర కుంచనపల్లి, ఇలా వరసగా చెడ్డీ గ్యాంగ్ పేరు వినపడింది. అర్ధరాత్రి నిక్కర్లు, బనియన్లతో తిరిగిన ఆ గుంపు సీసీ కెమెరాలకు చిక్కింది. ఆ ఫుటేజీ మన ఫోన్లన్నిట్లో తిరిగింది. పోలీసులు గుజరాత్‌లోని దాహోద్ దాకా వెళ్లి కొందరిని పట్టుకొచ్చారు. అంటే కెమెరాలు పనిచేశాయి. కానీ అవి పనిచేసింది దొంగతనం తర్వాత. ఇంట్లో మనుషులుండగా తలుపు విరిగే ఆ రెండు మూడు నిమిషాల్లో ఏం జరగాలన్నది కెమెరా చేతిలో లేదు.

కాబట్టి నేను పెట్టుకున్న ప్రశ్న ఒక్కటే: తలుపు మీద చెయ్యి పడినప్పటి నుంచి సాయం వచ్చేదాకా మా వాళ్లకి ఎన్ని నిమిషాలు దొరుకుతాయి? మా బాబాయి కొడుకుని దొంగగా పెట్టి టెస్టులు మొదలుపెట్టాను.

టెస్ట్ 1: అలర్ట్ (ఫెయిల్)

తప్పు కెమెరాది కాదు, నాదే. పెట్టిన మొదటి వారంలో రాత్రికి ముప్పై నలభై నోటిఫికేషన్లు వచ్చేవి. గేదె తోక ఊపితే ఒకటి, ఇన్‌ఫ్రారెడ్ లైటు చుట్టూ పురుగులు ఎగిరితే ఒకటి, లెన్స్ మీద సాలెపురుగు గూడు కడితే పది. విసుగొచ్చి మ్యూట్ చేశాను. 'నాన్నా పులి' కథలో లాగా, నిజంగా మనిషి వచ్చిన రోజున కూడా అది మ్యూట్‌లోనే ఉంది.

మార్చినవి ఇవి. డిటెక్షన్ జోన్‌లోంచి కొట్టాన్ని తీసేసి వెనక గోడ, వంటింటి తలుపు మాత్రమే ఉంచాను. మనుషులకు మాత్రమే అలర్ట్, అది కూడా రాత్రి 10 నుంచి పొద్దున 5 వరకు. ఫోన్‌లో డు నాట్ డిస్టర్బ్ ఉన్నా ఆ యాప్ మోగేలా మినహాయింపు ఇచ్చాను. బ్యాటరీ ఆప్టిమైజేషన్‌లోంచి యాప్‌ని తీసేశాను. లేకపోతే చాలా ఫోన్లు బ్యాక్‌గ్రౌండ్‌లో దాన్ని చంపేస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైంది: యాప్‌లో షేర్ ఆప్షన్ వాడి రెండిళ్ల అవతల ఉండే బాబాయి ఫోన్‌కి కూడా అలర్ట్ పెట్టాను. హైదరాబాద్‌లో నేను లేచి చేసేది ఫోనే. బాబాయి లేస్తే పది మంది లేస్తారు.

టెస్ట్ 2: కరెంట్ (ఘోరంగా ఫెయిల్)

మా మీటర్ బోర్డు వరండా గోడకి, వీధి వైపు ఉంటుంది. తమ్ముడు చెయ్యి పెట్టి మెయిన్ దించాడు, అంతే. రౌటర్ ఆగింది, వైఫై పోయింది, యాప్‌లో కెమెరా 'ఆఫ్‌లైన్'. వేలు ఖర్చుపెట్టి కొన్న సెక్యూరిటీని ఒక్క వేలితో ఆపేశాడు.

రౌటర్‌కి మినీ యూపీఎస్ పెట్టాను. సోప్ బాక్స్ సైజులో ఉంటుంది, రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టేజీకి, ఆంప్స్‌కి సరిపోయేది చూసుకుని కొనాలి. కెమెరాకి కూడా బ్యాకప్ ఉండాలి, లేకపోతే వైఫై ఉండి లాభం లేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఈ రెండింటినీ ఆ లైన్ మీదకు మార్చండి. వైఫై లేని కల్లాలకి, తోటలకి సోలార్ ప్యానెల్‌తో వచ్చే 4జీ సిమ్ కెమెరాలు బాగుంటాయి. కానీ అవి బ్యాటరీ ఆదా కోసం నిద్రలో ఉండి, కదలిక తెలిశాకే లేస్తాయి. పరిగెత్తే మనిషైతే వెనక భాగం మాత్రమే దొరకొచ్చు.

మెమరీ కార్డు ఒక్కటే నమ్ముకోవద్దు. దొంగ కెమెరా పీక్కుపోతే సాక్ష్యం కూడా వాడి జేబులోకే పోతుంది. క్లిప్పులు క్లౌడ్‌లోకి వెళ్లేలా పెట్టండి.

టెస్ట్ 3: వెలుగు, చప్పుడు (తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలితం)

మన నైట్ విజన్ దొంగకి కనపడదు. వాడికి అది మామూలు చీకటే, ధైర్యంగా నడుస్తాడు. అందుకే మనిషి కదిలితే భళ్లున వెలిగే సెన్సర్ లైటు వెనక గోడకి పెట్టాను. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. వంటింటి తలుపుకి బ్యాటరీతో పనిచేసే మాగ్నెట్ అలారం పెట్టాను. తలుపు మీద ఒక ముక్క, చట్రం మీద ఒక ముక్క. రెండూ విడిపోగానే చెవులు గింగిర్లెత్తేలా మోగుతుంది. మొదటిసారి మోగినప్పుడు తమ్ముడు, మా నాయనమ్మ, రెండు గేదెలు ఒకేసారి ఎగిరిపడ్డారు. నా లిస్టులో అన్నిటికంటే చవకైన ఐటెమ్ ఇదే. ఒక్కటే కొనగలిగితే ఇదే కొనండి.

తర్వాత గ్యాడ్జెట్ కాని గ్యాడ్జెట్: తలుపు. మా వంటింటి తలుపు పాత పలక, చిన్న గడియ, దాన్ని పట్టుకున్నవి అరంగుళం మరలు. తమ్ముడు రెండోసారి భుజం వేసేసరికి ఊడొచ్చింది. అమ్మ ముఖం చూడలేకపోయాను. ఇన్నేళ్లూ ఆ తలుపు వెనకే నిద్రపోయింది. సోమవారమే వడ్రంగిని పిలిచి పైనా కిందా గడియలు, గోడలోకి దిగే మేకులతో అడ్డంగా ఇనుప పట్టీ పెట్టించాను. స్మార్ట్ లాక్ ఆలోచన మానేశాను. చట్రం బలహీనంగా ఉంటే ఫింగర్‌ప్రింట్ తాళం ఎంత గొప్పదైనా ఆ మరలతో పాటే ఊడిపోతుంది.

టెస్ట్ 4: మనుషులు (అసలు టెస్ట్)

"దొంగ వచ్చాడు, ఇప్పుడేం చేస్తావ్?" అని అడిగా. "రోకలి తీసుకుని పోతా" అంది అమ్మ. "తల దగ్గర కారప్పొడి డబ్బా పెట్టుకుంటా, మన కాయే కదరా" అంది నాయనమ్మ. నవ్వుకున్నాం గానీ, గుంపుగా రాడ్లతో వచ్చినవాళ్ల ముందుకి రోకలితో వెళ్తే అది వాళ్ల చేతికే వెళ్తుంది. మనల్ని మనం కాపాడుకునే హక్కు చట్టంలో ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దాని గురించే. కానీ ఆత్మరక్షణకి ఎంత అవసరమో అంతవరకే అది వర్తిస్తుంది. తప్పించుకోలేని చివరి క్షణానికి ఆ హక్కు. ముందు ప్లాన్ మాత్రం తప్పించుకోవడమే.

మా ప్లాన్: అలారం మోగితే ఇద్దరూ మధ్య గదిలోకి వెళ్లి లోపల గడియ వేసుకోవాలి. ఆ గదికే గట్టి తలుపు ఉంది. రాత్రి ఫోన్ల ఛార్జింగ్ కూడా ఇక ఆ గదిలోనే. బీరువా బయట గదిలో ఉంది, పోతే పోనీ.

ఇప్పుడు ఫోన్లు. అత్యవసరానికి 112, లేదా 100. మన దేశంలో 2017 జనవరి 1 నుంచి అమ్మే ప్రతి ఫోన్‌లో ప్యానిక్ బటన్ ఉండాలని రూల్ ఉంది. నాయనమ్మ కీప్యాడ్ ఫోన్‌లో 5 లేదా 9 నొక్కి పట్టుకుంటే చాలు. స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్ వరసగా మూడుసార్లు, కొత్త ఆండ్రాయిడ్‌లలో ఐదుసార్లు. సెట్టింగ్స్‌లో 'సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ'లోకి వెళ్లి మీ ఫోన్‌లో ఎలా ఉందో చూసుకోండి. ఊరికే టెస్ట్ కోసం మాత్రం కాల్ కలపొద్దు. అమ్మ ఫోన్‌లో ఏపీ పోలీసుల శక్తి యాప్ కూడా వేశాను. ఒకప్పటి దిశ యాప్ స్థానంలో 2025 మార్చి 8న వచ్చింది.

మా ఊరి లాంటి సరిహద్దు ఊళ్లవాళ్లకి ఒక మాట. మీ ఫోన్ అవతలి రాష్ట్రం టవర్ పట్టుకుంటే కాల్ అటు కంట్రోల్ రూమ్‌కి వెళ్లే అవకాశం ఉంది. అందుకే మొదటి వాక్యమే "ఆంధ్రప్రదేశ్, ఎన్టీఆర్ జిల్లా, జగ్గయ్యపేట మండలం, గరికపాడు" అని ఉండాలి. కంగారులో గుర్తురాదు కాబట్టి పెద్ద అక్షరాలతో రాసి మధ్య గది గోడకి అంటించాను. కింద మా స్టేషన్ నంబర్, బాబాయి నంబర్.

ఇల్లంతా తాళం వేసి తిరుపతికో పెళ్లికో వెళ్తే ఏపీ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్, అంటే లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్ ఉంది. యాప్‌లో ముందే చెప్తే పోలీసులే కెమెరా పెట్టి నిఘా ఉంచుతారు, డబ్బులు తీసుకోరు. మీ ఊరికి ఆ సౌకర్యం ఉందో లేదో స్టేషన్‌లో కనుక్కోండి.

నేను చేసిన రెండో తప్పు

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఆ రోజు పొద్దున కంగారులో ఆ క్లిప్పుని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గంటలో ఊరి గ్రూపులోకి వెళ్లింది. ముఖం సరిగ్గా కనపడని వీడియో. మధ్యాహ్నానికి "వీడు కాయలు కోయడానికి వచ్చిన కూలీల్లో ఒకడు" అని ఎవరో తేల్చేశారు. సాయంత్రానికి పదిహేను మంది ఆ కుర్రాడి గుడిసె దగ్గరికి వెళ్లారు. అదృష్టం కొద్దీ నాన్న అక్కడికి చేరాడు. ఆ రాత్రంతా ఆ కుర్రాడు నాన్నతో పాటు కల్లంలోనే కాయలకి పట్టాలు కప్పుతూ ఉన్నాడు. ఆ ఒక్క మాట చెప్పేవాడు లేకపోయి ఉంటే?

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ వచ్చిన వాట్సాప్ పుకార్లతో మన రెండు రాష్ట్రాల్లో అమాయకుల మీద దాడులు జరిగాయి. ఇంటికి వచ్చిన హింసని ఆపాలనుకుని, నేనే ఇంకొకరి ఇంటికి పంపబోయాను. ఫుటేజీ పోలీసులకి ఇవ్వండి, గ్రూపులకి కాదు.

కొనేముందు

కెమెరా పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ లక్షల కెమెరాలు, డీవీఆర్‌లని పట్టుకుంది ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే. 2025 ఏప్రిల్ 9 నుంచి మన దేశంలో సీసీ కెమెరాలకి సెక్యూరిటీ టెస్టింగ్ తప్పనిసరి అయింది, కాబట్టి బిల్లు, సర్టిఫికేషన్ లేని సరుకు చవకగా వచ్చినా వద్దు. పడకగదిలో కెమెరా అస్సలు పెట్టొద్దు.

నా వెర్డిక్ట్: ముందు తలుపు. తర్వాత డోర్ అలారం, సెన్సర్ లైటు. తర్వాత పక్కింటివాళ్లతో మాట. వీటి తర్వాతే కెమెరా. నేను సరిగ్గా తలకిందులుగా కొన్నాను.

వెళ్లేముందు రాత్రి మళ్లీ మొత్తం డ్రిల్ చేశాం. అలారం మోగినప్పటి నుంచి మధ్య గది గడియ పడేదాకా మొదటిసారి నిమిషం పైనే పట్టింది, నాయనమ్మ చెప్పుల కోసం వెతికింది మరి. నాలుగోసారికి ఇరవై సెకన్లలోపు వచ్చింది.

ఈసారి మీరు ఇంటికెళ్లినప్పుడు ఒక పని చేయండి. రాత్రి అందరూ పడుకున్నాక మెయిన్ దించి, మీ ఇంటి వెనక తలుపు మీరే నెట్టి చూడండి. ఎవరు లేస్తారో, ఎంతసేపటికి లేస్తారో చూసుకోండి. స్పెసిఫికేషన్లు ఆ తర్వాత మాట్లాడుకుందాం.