తొలి బొంతకు గుడ్డల ఎంపిక

మనం బొంత అంటాం. కన్నడిగులు కౌది, మరాఠీవారు గోధడి అంటారు. మొదటిసారి కుట్టేవారు అమ్మ చీర మీద కత్తెర పెట్టడానికి జంకుతారు. ఈ నాలుగు సంగతులు తెలిస్తే జంకక్కర్లేదు.

ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీర తీసుకోండి. నైలాను జారుతుంది, చెమట పీల్చదు. చీరను వెలుతురుకు ఎత్తి చూడండి, పలచబడ్డ చోటు తెలుస్తుంది. 18 అడుగుల చీర అయితే 6 అడుగుల చొప్పున మూడు పొరలవుతుంది. పలచటి ముక్క నడుమ వేయండి, గట్టివి పైనా కిందా ఉండాలి. పలచటిది పైకి వస్తే త్వరగా చిరుగుతుంది.

కొత్త గుడ్డ కలిపితే ముందే తడిపి ఆరబెట్టండి. లేకుంటే తర్వాత కుదించుకుపోయి బొంతంతా ముడతలు పడుతుంది. పొరలు సాపుగా పరచి, నడిమి నుంచి అంచులకు పొడుగు టాకాలు వేయండి. హెచ్చుతగ్గులున్న అంచులను కుట్టు పూర్తయ్యాకే కత్తిరించండి.

పెట్టెలో మూలుగుతున్న ఆ చీర రేపు మీ పిల్లలకు వెచ్చని కప్పు అవుతుంది.