మీటరు పచ్చగానే ఉంది, చెవి మాత్రం హోరెత్తింది!

ఆ మధ్య మా ఆసుపత్రికి పాతికేళ్ళ కుర్రవాడొకడు వచ్చాడు. పగలు ఉద్యోగం, రాత్రిళ్ళు సంగీతం. చిన్న కీబోర్డు, కంప్యూటరు, హెడ్‌ఫోను - అతని ఆర్కెస్ట్రా అంతా ఇంతే. వీణ, వయొలిన్, తబలా అన్నీ కంప్యూటరులోని సాఫ్ట్‌వేర్ వాద్యాలే. షార్ట్ ఫిలిములకు సంగీతం కడుతున్నాడట. పది రోజులుగా రెండు చెవుల్లోనూ కీచురాయి అరిచినట్లు ఒకటే మోత.

"సౌండు ఎక్కువ పెట్టుకుంటున్నావా బాబూ?" అని అడిగాను.

"లేదు డాక్టరుగారూ! మీటరు చూసుకుంటూనే చేస్తాను. మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వను. సున్నాకన్నా తక్కువే కదండీ!" అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు. పొరపాటంతా ఆ సున్నాలో ఉంది.

చెవికి సంబంధించిన కొలతలో సున్నా డెసిబెల్స్ అంటే ఆరోగ్యమైన చెవికి వినీ వినిపించనంత చిన్న చప్పుడు. మన మామూలు సంభాషణ 60 ప్రాంతంలో ఉంటుంది. కంప్యూటరు మీటరులో సున్నా అంటే పైకప్పు. అంతకు మించితే శబ్దతరంగం తల తెగి సంగీతం బరబరలాడుతుంది. అందుకే అక్కడి అంకెలన్నీ మైనస్‌లో ఉంటాయి. ఆ మీటరు కాపలా కాసేది మీ రికార్డింగుకే గాని మీ చెవికి కాదు. హెడ్‌ఫోను వాల్యూము పూర్తిగా పెంచినా, పూర్తిగా తగ్గించినా ఆ మీటరులో వెంట్రుకవాసి తేడా రాదు.

ఈ కుర్రవాడికి జరిగింది ఇదే. తబలా దెబ్బ క్షణకాలం మీటరును ఎగదోస్తుంది. ఎరుపు రాకుండా తబలాను తగ్గించాడు. అది చెవికి చిన్నగా వినిపించింది. హెడ్‌ఫోను పెంచాడు. గంట గడిచేసరికి చెవి అలసి శబ్దం మందగించినట్లనిపించింది. మళ్ళీ పెంచాడు. రాత్రి ఎనిమిదింటికి భరించలేననిపించే మోత ఒంటిగంటకు మామూలుగా తోచింది.

లోపలి చెవిలో నత్తగుల్లలాంటి కోక్లియా ఉంది. శబ్దాన్ని నరానికి అందించే సన్నని రోమకణాలు అందులో సుమారు 15,000 ఉంటాయి. పెద్ద మోతకు ఇవి గాలివానలో వరిచేనులా వాలిపోతాయి. ఒకసారి వాలితే విశ్రాంతితో తేరుకోవచ్చు. రోజూ అదే గాలివాన అయితే చచ్చిపోతాయి. చచ్చిన కణం మనిషి చెవిలో మళ్ళీ పుట్టదు. దానికి మందూ లేదు.

మరి ఎంతవరకు వినవచ్చు? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవారికి 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ గడువు సగమవుతుంది. 90 దగ్గర వారానికి 4 గంటలే!

ఇంట్లో రికార్డింగు చేసేవారు ఈ వరుస పాటించండి.

ముందు చెవి, తరువాత మీటరు. తెలిసిన పాట ఒకటి పెట్టి, చేయి చాచినంత దూరంలో ఉన్నవారు మామూలు గొంతుతో పిలిస్తే వినపడేటట్లు హెడ్‌ఫోను వాల్యూము సర్దుకోండి. అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఇక దాన్ని పెంచవద్దు.

తరువాత ఒక్కొక్క వాద్యాన్నీ, అన్నిటికన్నా గట్టిగా మోగే చోట వాయించి చూడండి. శిఖరాలు మైనస్ 12 దగ్గర ఆగితే చాలు. ఎరుపు అంచుదాకా నింపితేనే నాణ్యత అనేది టేపుల కాలపు మాట. అప్పుడు టేపు బుసను కప్పడానికి అది అవసరమయ్యేది. 24 బిట్ల రికార్డింగులో ఆ భయం లేదు.

పది వాద్యాలు కలిస్తే శబ్దం కూడుతుంది. చివరి మీటరు మైనస్ 6 దాటుతుంటే వాద్యాలన్నిటినీ కలిపి తగ్గించండి. ఒక వాద్యం వినపడకపోతే దానికి అడ్డమొచ్చేదాన్ని తగ్గించండి. హెడ్‌ఫోను జోలికి పోవద్దు. మొత్తం పాట చిన్నగా ఉందనిపిస్తే, చివరలో పెంచుకోవచ్చు.

కొత్త వాద్యం తెరిచినప్పుడు హెడ్‌ఫోను చెవుల నుంచి తీసి ఒక స్వరం నొక్కి చూడండి. కొన్ని తెరవగానే గట్టిగా మోగుతాయి.

ముప్పావుగంటకొకసారి పది నిమిషాలు చెవికి సెలవివ్వండి. తిరిగి వచ్చి విన్నప్పుడు తప్పులు కూడా బాగా తెలుస్తాయి.

చెవిలో మోత మరునాటికీ తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే ఆ రోజే వెళ్ళండి. అటువంటి జబ్బుకు చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. వేడినూనె పోసుకుంటూ కాలయాపన చేయకండి.

ఆ కుర్రవాడికి వినికిడి పరీక్ష చేయించాము. మాటలు బాగానే వినపడుతున్నాయి గాని, 4,000 సైకిల్సు దగ్గర రెండు చెవుల్లోనూ వినికిడి పడిపోయింది. పెద్ద మోత ముందుగా దెబ్బతీసేది సాధారణంగా ఆ ప్రాంతాన్నే. నెల రోజులు హెడ్‌ఫోను మానిన తరువాత మోత చాలావరకు తగ్గింది. రెండోసారి చేసిన పరీక్షలో మాత్రం ఆ లోటు అలాగే ఉంది. ఇప్పుడు మళ్ళీ పాటలు కడుతున్నాడు, పెన్సిలు గుర్తు దాటకుండా.

చెడిన రికార్డింగును మళ్ళీ చేసుకోవచ్చు. చెవిని చేసుకోలేము.