చేతికి అందే యంత్రం

పాత స్పోర్ట్స్ కారొకటి చవగ్గా కొని, ఇంటి గ్యారేజీలోనే నెలల తరబడి బాగుచేసి, భార్యకో భర్తకో ఇవ్వడం అమెరికా, బ్రిటన్, జపాన్ లాంటి దేశాల్లో వింతేమీ కాదు. ఆ కారు రోడ్డెక్కిన రోజున పొగడ్తలన్నీ పానా పట్టిన మనిషికే దక్కుతాయి. దక్కాల్సినవే. కానీ అంతే ఓపిక, అంతే నేర్పు ఉన్న మనిషి ఇంకో కారు మీద అన్నాళ్లూ కష్టపడి, చివరికి దాన్ని తుక్కు కింద అమ్మేయాల్సి రావచ్చు. తేడా మనిషిలో లేనప్పుడు యంత్రంలో వెతకాలి. ముప్ఫై ఏళ్ల తర్వాత ఒక యంత్రం మామూలు మనిషి చేతిలో బాగుపడుతుందా లేదా అన్నది చాలావరకు అది పుట్టకముందే, కాగితం మీద గీతలుగా ఉన్నప్పుడే తేలిపోతుంది. ఇందుకు మంచి సాక్ష్యం మాజ్డా ఎం.ఎక్స్-5. అమెరికాలో మియాటాగా, జపాన్‌లో రోడ్‌స్టర్‌గా పేరుపడ్డ ఈ రెండు సీట్ల కారు పుట్టుపూర్వోత్తరాలు చూస్తే, నడిపేవారి సరదా కోసం తీసుకున్న నిర్ణయాలే తర్వాతి కాలంలో బాగుచేసేవారికి అక్కరకొచ్చాయని తెలుస్తుంది.

ఒకప్పుడు చవక స్పోర్ట్స్ కారంటే బ్రిటన్‌దే. 1962లో వచ్చిన ఎం.జి.బి. ఐదు లక్షలకు పైగా తయారై, 1980లో ఆబింగ్డన్ ఫ్యాక్టరీ మూతతో ఆగిపోయింది. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌కూ అదే ఏడాది కాలం చెల్లింది. ఆయిల్ కారడం, వైరింగ్ మొరాయించడం ఆ కార్లతో ఉన్న చిక్కులు. తేలికగా, నేలకు దగ్గరగా, గాలికి ఎదురుగా పరిగెత్తడం వాటి సుఖం. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ మోటారు పత్రికల రచయిత, మాజ్డాలో ఇంజినీరింగ్ పెద్దగా ఉన్న కెనిచి యమమోతోతో మాట్లాడుతూ, అలాంటి కారు మీరే చేయొచ్చుగదా అన్నారు. రెండేళ్లకు హాల్ తానే మాజ్డాలో చేరారు. 1980ల నడుమ ఆ ఆలోచన మూడు రూపాలుగా పోటీపడింది. టోక్యో బృందం ముందు చక్రాలను తిప్పే కారు ఒకటి, ఇంజిన్ నడిమధ్యన ఉండే కారు ఒకటి ప్రతిపాదించింది. కాలిఫోర్నియా బృందం మాత్రం ఇంజిన్ ముందు, నడక వెనక చక్రాలకు అనే పాత పద్ధతినే పట్టుకుంది. గెలిచింది పాత పద్ధతే. ప్రాజెక్టు పగ్గాలు తోషిహికో హిరాయ్ చేతికొచ్చాయి. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటార్ షోలో కారు జనం ముందుకొచ్చింది. అమెరికాలో మొదటి ధర 13,800 డాలర్లు.

పాత పద్ధతి గెలవడానికి కారణం బరువు పంపిణీ. ఇంజిన్‌ను ముందు చక్రాల ఇరుసుకు కాస్త వెనగ్గా జరిపితే, ఇద్దరు కూర్చున్నాక బరువు ముందుకూ వెనక్కూ దాదాపు సగంసగంగా పడుతుంది. మలుపులో కారు మొండికెయ్యకుండా తిరుగుతుంది. గుర్రమూ రౌతూ ఒక్కటై పోవడాన్ని చెప్పే ‘జింబా ఇత్తాయ్’ అనే జపనీస్ మాటను హిరాయ్ బృందం తన మంత్రంగా చేసుకుంది. అయితే ఈ నిర్ణయానికి ఇంకో ఫలితం ఉంది. బానెట్ ఎత్తితే ఇంజిన్ నిలువుగా, పొడుగ్గా కనిపిస్తుంది. అటూ ఇటూ చెయ్యి దూరేంత ఖాళీ ఉంటుంది. ముందు చక్రాలను తిప్పే కారులో ఇంజినూ గేర్ బాక్సూ అడ్డంగా ఇరుక్కుని ఉంటాయి. ఇంజిన్ నడిమధ్యన ఉండే కారులోనైతే సీటు వెనక గోడలోంచి దొంగలా పని చేయాలి. ఇక్కడ స్పార్క్ ప్లగ్గులు పైనే ఉంటాయి. టైమింగ్ బెల్టూ నీళ్ల పంపూ ఎదురుగా ఉంటాయి. 1,597 సి.సి. ఇంజిన్ కూడా మాజ్డా 323 అనే మామూలు కుటుంబ కారుకు వాడిన ఇంజిన్ల వంశంలోనిదే. 116 హార్స్‌పవర్ దాకా పదును పెట్టినా అది దాని సంసారిక స్వభావం పోగొట్టుకోలేదు. టైమింగ్ బెల్ట్ తెగినా పిస్టన్లు వెళ్లి వాల్వులను కొట్టని అమరిక అది. చాలా ఇంజిన్లలో బెల్ట్ తెగడమంటే ఇంజిన్ ప్రాణం పోవడం. ఇక్కడ కారు ఆగిపోవడం, కొత్త బెల్ట్ వేయడం.

రెండో నిర్ణయం బరువు తగ్గించడం. కారు మొత్తం తూకం సుమారు 950 కిలోలు, బానెట్ అల్యూమినియం. కదులుతున్న వస్తువులోని శక్తి దాని బరువుతో నేరుగా, వేగంతో వర్గంగా పెరుగుతుందని బడిలోనే చదువుకున్నాం. గంటకు వంద కిలోమీటర్ల వేగం నుంచి రెండు టన్నుల బండిని ఆపాలంటే బ్రేకులు మింగాల్సిన వేడిలో దాదాపు సగం మింగితే ఈ కారు ఆగుతుంది. అంటే బ్రేక్ ప్యాడ్లు చిన్నవి, టైర్లు చిన్నవి, స్ప్రింగులు సన్ననివి, వాటి ధర తక్కువ, అరుగుదల తక్కువ. పవర్ స్టీరింగ్ లేకుండానే తిప్పగలిగే కారుకు పవర్ స్టీరింగ్ పాడయ్యే బాధ లేదు. తేలిక అనేది ఒక గుణం కాదు, ఒక గొలుసు. ఒక భాగం తేలికైతే దాన్ని మోసే భాగమూ తేలికవుతుంది. అక్కడితో ఆగక జాకీ మీద ఎత్తేవాడి నడుమూ బతుకుతుంది.

ఇంత సులువైన యంత్రం మరి పాడెందుకవుతుంది? పాత కారులో ముందుగా ముసలితనం వచ్చేది ఇనుముకు కాదు, రబ్బరుకు. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ రబ్బరులోని అణువుల గొలుసుల మీద పనిచేసి దాన్ని బిరుసెక్కిస్తాయి, పగులగొడతాయి. చక్రాలను పట్టి ఉంచే చేతుల చివర బుష్‌లు గట్టిపడితే కారు దారి పట్టదు. ఇంజిన్ వెనక చివర ఉండే చిన్న రబ్బరు రింగు ఎండిపోతే ఆయిల్ కారుతుంది. పాతబడిందన్న కారును కొత్తగా చేసే పనిలో సగం ఈ రూపాయల విలువ రబ్బరు ముక్కలే. రెండోది బ్రేక్ ఆయిల్. ఇది గాలిలోని తేమను తనంతట తాను పీల్చుకునే ద్రవం. డాట్-4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు; తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకులు వేడెక్కితే పాత ద్రవం మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. ద్రవం నలగదు గానీ ఆవిరి నలుగుతుంది. పెడల్ నేలకు తగులుతుంది, కారు ఆగదు. ఇంజిన్ గర్జన విని మురిసిపోయేవాడు ముందు చూడాల్సింది చిన్న డబ్బాలోని ఈ ద్రవం రంగునే.

మూడోది తుప్పు. ఇదే అసలు శత్రువు. ఈ కారు గుడ్డ టాపు మీద పడ్డ వాన సీట్ల వెనక ఒక తూములోకి జారి, గొట్టాల ద్వారా వెనక చక్రాల ముందు నేలకు దిగాలి. ఆకులూ మట్టీ పేరుకుని ఆ తూము పూడుకుపోతే నీళ్లు తలుపుల కింద ఉండే బోలు దూలాల్లోకి చేరతాయి. అక్కడి చీకట్లో తేమ, ఆక్సిజన్ రెండూ కలిసి ఇనుమును లోపలినుంచి తినడం మొదలుపెడతాయి. మంచు కురిసే దేశాల్లో రోడ్డు మీద చల్లే ఉప్పు ఆ తేమలో విద్యుత్తు పారే తోవ సులువు చేసి ఈ తినడాన్ని ఉరకలెత్తిస్తుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైన రంగు బుడగలా ఉబ్బుతుంది. ఆ బుడగ కనపడే నాటికి లోపల పని చాలా జరిగిపోయి ఉంటుంది. పైపైన లప్పం పూసి రంగేస్తే మెరుస్తుంది గానీ నిలవదు. కుళ్లిన రేకు కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయాల్సిందే. చవక కారు నిజంగా చవకా కాదా అన్నది ఈ దూలాల మీద సుత్తి పిడితో తట్టి, శబ్దం విని తేల్చుకోవాలి. ఇంజిన్ పోతే ఇంకో ఇంజిన్ దొరుకుతుంది. ఒళ్లు పోతే కారే పోయినట్టు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. మాజ్డా ఇంజినీర్లు బాగుచేసేవాడిని తలుచుకుని ఈ కారు గీయలేదు, సరదాగా నడిపేవాడిని తలుచుకున్నారు. బాగుపడే గుణాన్ని వారి ఖాతాలో ఎలా వేస్తారు? నిజమే. అందుకు రుజువులు కారులోనే ఉన్నాయి. గేర్ బాక్సునూ వెనక డిఫరెన్షియల్‌నూ ఒకే అల్యూమినియం దూలంతో బిగించారు. దానివల్ల ఆక్సిలరేటర్ తొక్కగానే కారు తడబాటు లేకుండా స్పందిస్తుంది. అదే దూలం వల్ల క్లచ్ ప్లేటు మార్చడం బోలెడు పని అయింది. మొదటి ఏళ్ల 1.6 లీటర్ ఇంజిన్లలో క్రాంక్‌షాఫ్ట్ ముక్కు పొట్టిగా ఉండి, బోల్టు వదులైతే కీ అరిగిపోయే బలహీనత ఉంది. తర్వాత దాన్ని మార్చారు. కాబట్టి ఈ కారు బాగుచేసేవాడికి రాసిచ్చిన వరమేమీ కాదు. అయినా మొత్తం లెక్కలో నడిపేవాడి సుఖమూ బాగుచేసేవాడి సుఖమూ ఒకే వేరు నుంచి వచ్చాయి. చేతికీ రోడ్డుకూ మధ్య ఉన్న భాగాలు తగ్గితే నడిపేవాడికి రోడ్డు బాగా తెలుస్తుంది. ఆ భాగాలు తగ్గడం వల్లే లోపం ఎక్కడుందో బాగుచేసేవాడికీ తెలుస్తుంది. ఉద్దేశం లేకపోయినా ఫలితం యాదృచ్ఛికం కాదు.

రెండో అభ్యంతరం డబ్బుది. విడిభాగాలు, రంగు, గుడ్డ టాపు, టైర్లు అన్నీ కలిస్తే కారు కొన్న ధర దాటిపోతుంది, ఇంక చవకేముంది? లాభానికి అమ్ముదామని చేస్తే ఇది తెలివైన పని కాదని ఒప్పుకోవాలి. కానీ లెక్క నష్టంలోకి మరీ కూరుకుపోకుండా కాపాడేది సంఖ్య. 2000లో 5,31,890 కార్లతో ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్ దీన్ని గుర్తించింది. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ కారు తయారైంది. లక్షల కార్లున్నచోట విడిభాగాలు చేసేవారికి బేరం ఉంటుంది, తుక్కు యార్డుల్లో అవయవదానం చేసే కార్లు ఉంటాయి, తెలిసినవారు ఉంటారు. మాజ్డాయే 2017లో తొలి తరం కార్లను పునరుద్ధరించే పథకాన్ని జపాన్‌లో ప్రకటించి, ఆగిపోయిన కొన్ని భాగాలను మళ్లీ చేయడం మొదలుపెట్టింది. ఎం.జి.బి.కి 1988లో పాత అచ్చులతోనే కొత్త బాడీలు తయారవడం వెనకా ఇదే సంఖ్యాబలం ఉంది. అరుదైన కారును అద్దాల గదిలో కాపాడతారు. అందరి దగ్గరా ఉన్న కారును రోడ్డు మీదే కాపాడుకోగలం. మన దేశంలో ఈ ముచ్చట తీరకపోవడానికీ కారణం ఇదే. మాజ్డా కార్లు ఇక్కడ అధికారికంగా అమ్ముడు కాలేదు. పాత కార్ల దిగుమతికి ఆంక్షలున్నాయి. కానీ హైదరాబాదులోనో విజయవాడలోనో పాత చేతక్ స్కూటరు, పాత బుల్లెట్టు మళ్లీ ప్రాణం పోసుకుంటున్నాయంటే ఆ సూత్రమే పనిచేస్తోంది. విరివిగా ఉన్నదీ, విప్పగలిగేదీ అయితేనే నిలుస్తుంది.

మూడో అభ్యంతరం భద్రతది, దానికి పూర్తి సమాధానం లేదు. అమెరికాలో ఈ కారుకు మొదటి నుంచీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉంది. పక్క సీటుకు 1994 మోడల్‌తో గానీ రాలేదు. కొత్త కార్లలో ఉన్నట్టు, గుద్దుకునే ముందే బ్రేకు వేసే తెలివి ఇందులో లేదు. బోల్తా పడితే నెత్తిన ఉన్నది గుడ్డే. ఎంత బాగుచేసినా 1990 కారు 1990 కారే అవుతుంది. ఆ సంగతి తెలిసి, ఉన్న బ్రేకులూ సీటు బెల్టులూ టైర్లూ వాటి పూర్తి శక్తితో పనిచేసేలా చేయడమే మన చేతిలో ఉన్నది. టైరు గాడి లోతుగా ఉన్నా రబ్బరు పదేళ్లదైతే దాన్ని తీసేయాల్సిందే.

జీవిత భాగస్వామి కోసం బాగుచేయడమన్న మాట ఇక్కడే బరువెక్కుతుంది. సొంత బండి లోపాలకు మనం అలవాటు పడిపోతాం. బ్రేకు రెండుసార్లు తొక్కితే పడుతుందని, రెండో గేరు కాస్త బుజ్జగిస్తే పడుతుందని, తలుపు ఎత్తి మూయాలని మనకు తెలుసు. ఆ తెలివిడి కారులో ఉండదు, మన ఒంట్లో ఉంటుంది. తాళాలు చేతులు మారేటప్పుడు అది వెంట వెళ్లదు. కాబట్టి ఇంకొకరికి ఇచ్చే కారులో సర్దుకుపోదగిన లోపం అంటూ ఏదీ లేదు. పని వరస కూడా మారిపోతుంది. ముందు ఆపేవి, తర్వాత దారి పట్టించేవి, ఆ తర్వాత నీళ్లూ ఆయిలూ, చిట్టచివర మెరిసేవి. కానుక కదా అని రంగుతో మొదలుపెడితే అది చూసేవారికిచ్చే కానుక అవుతుంది. ఆశ్చర్యపరచాలని అంతా గుట్టుగా చేయడంలోనూ ఈ పొరపాటే ఉంది. సీటు ఎంత ముందుకు జరగాలి, క్లచ్ ఎంత మెత్తగా ఉండాలి అన్నవి కూర్చునే మనిషిని అడిగితే గానీ తెలియవు.

ఈ పాఠం మోటారు కారంత పాతది. కార్ల్ బెంజ్ వర్క్‌షాపు నిలబడడానికి ఆయన కాబోయే భార్య బెర్తా పెళ్లికి ముందే తన కట్నం సొమ్ము ముందుగా తెప్పించి పెట్టింది. 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల బండిని మెరుగుపరుస్తూ కూర్చున్న భర్తకు చెప్పకుండా, 1888 ఆగస్టులో ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు నూరు కిలోమీటర్లకు పైగా దాన్ని నడుపుకుంటూ పోయింది. ఇంధనపు గొట్టం పూడుకుంటే టోపీ పిన్నుతో పొడిచింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడితో తోలు కొట్టించింది. ఎత్తు ఎక్కేటప్పుడు కొడుకులు దిగి తోయాల్సి వచ్చిందని చెబితే, ఆ తర్వాత బండికి ఇంకో గేరు చేరింది. చేసినవాడికి కనపడని రెండు లోపాలు వాడినామెకు ఒక్క ప్రయాణంలో కనపడ్డాయి. పిన్నుతో సరిచేయగలిగేంత సులువుగా యంత్రం ఉండబట్టి ఆమె గమ్యం చేరింది. అందుకే భాగస్వామి కోసం బాగుచేసిన కారు తాళాలు ఇచ్చిన రోజున పని పూర్తికాదు. కాస్త దూరం తిరిగొచ్చి, ఇదిగో ఇక్కడ చప్పుడొస్తోంది అని ఆ మనిషి బానెట్ ఎత్తి చూపించిన రోజున సగం పూర్తవుతుంది. మిగతా సగానికి ఇద్దరి చేతులకూ సరిపడా చోటు ఆ బానెట్ కింద ఉండాలి.