ఒత్తిడిని కొలిచేదెవరు?

"మా వాడికి స్ట్రెస్ ఏమిటండీ డాక్టరు గారూ! కారులో దింపుతాం, కారులో తీసుకొస్తాం, అడిగింది కొనిపెడతాం. మేము కరెంటు పోతే కొవ్వొత్తి పెట్టుకుని చదివాం, హాస్టల్లో నీళ్ళచారు తాగి పాసయ్యాం." పిల్లల వైద్యుడిగా ఈ మాట నేను వినని నెల ఉండదు. వాళ్ళు వచ్చేది పిల్లవాడి కడుపునొప్పి గురించి. రక్తపరీక్షలు బాగుంటాయి, స్కాను బాగుంటుంది. నొప్పి మాత్రం సోమవారం పొద్దున్న వస్తుంది, వేసవి సెలవుల్లో రాదు.

జ్వరానికి థర్మామీటరు ఉంది. ఒత్తిడికి ఏముంది? చాలాకాలం సంఘటనల్ని లెక్కపెట్టేవారు. 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు వైద్యులు 43 సంఘటనలకు మార్కులు వేసి ఒక పట్టిక తయారు చేశారు. భార్య గాని భర్త గాని పోతే 100, పెళ్ళికి 50. (మన పెళ్ళిళ్ళు చూసి ఉంటే ఇంకో ఇరవై కలిపేవారేమో!) 1972లో కాడింగ్టన్ అనే వైద్యుడు పిల్లలకూ అలాంటి పట్టికలు తెచ్చాడు. అయితే ఇందులో ఒక చిక్కుంది. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు ఊరు మారతారు. పెద్దది వారంలో స్నేహితుల్ని సంపాదించుకుంటుంది, చిన్నవాడు ఆరు నెలలు అన్నం సరిగ్గా తినడు. పట్టిక ప్రకారం ఇద్దరికీ మార్కులు ఒకటే.

1983లో షెల్డన్ కోహెన్, మరి ఇద్దరు సహచరులు ప్రశ్ననే మార్చారు. నీకేం జరిగింది అని కాదు, నీకెలా అనిపించింది అని అడిగారు. వారి 'పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్' మొదట 14 ప్రశ్నలది; ఇప్పుడు ఎక్కువగా వాడేది పది ప్రశ్నలది. గత నెలరోజుల్లో పనులు చెయ్యి దాటిపోతున్నట్టు ఎన్నిసార్లు అనిపించింది, ఊహించనిది జరిగి ఎన్నిసార్లు కలత పడ్డావు, నీ సమస్యలు నువ్వు చక్కబెట్టుకోగలవన్న ధైర్యం ఎన్నిసార్లు కలిగింది - ఈ ధోరణిలో ఉంటాయి ఆ ప్రశ్నలు. 'ఎప్పుడూ లేదు'కి సున్నా, 'చాలా తరచుగా'కి నాలుగు. ధైర్యం గురించిన నాలుగు ప్రశ్నలకు మార్కులు తిరగేసి వేస్తారు. మొత్తం నలభై. ఇన్ని దాటితే రోగం అనే గీత ఏదీ ఇందులో లేదు. ఇది జబ్బుని పట్టే పరీక్ష కాదు. మిడిల్ స్కూలు చదువైనా ఉన్నవాళ్ళ కోసం రాసింది కనుక చిన్నపిల్లలకి పనికిరాదు. వాళ్ళకోసం వేరే ప్రశ్నావళి తయారుచేసి 153 మంది పిల్లల మీద ప్రయత్నించిన ఫలితాలు 2014లో వచ్చాయి.

నన్ను ఆకట్టుకున్నది ఆ 'పర్సీవ్డ్' అనే మాట. అంటే ఈ ఫారం పిల్లవాడి బదులు తల్లిదండ్రులు నింపలేరు. ఎంత ప్రేమ ఉన్నా, ఎంత చదువుకున్నా సరే. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2009లో పిల్లల్నీ పెద్దల్నీ విడివిడిగా అడిగితే, పిల్లల బెంగని తల్లిదండ్రులు తక్కువగా అంచనా వేస్తున్నారని తేలింది. అదే సంస్థ 2013 సర్వేలో బడి రోజుల్లో టీనేజి పిల్లలు తమ ఒత్తిడికి పదికి 5.8 వేసుకున్నారు, పెద్దలు వేసుకున్నది 5.1. ఎంతవరకైతే ఫరవాలేదు అని అడిగితే ఆ పిల్లలే చెప్పిన అంకె 3.9.

ఇది మనకి దూరపు సంగతి కాదు. న్యూజెర్సీలో ప్రిన్స్‌టన్ పక్కన వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరో స్కూలు డిస్ట్రిక్టు ఉంది. మంచి స్కూళ్ళని మనవాళ్ళు ఏరికోరి ఇళ్ళు కొనుక్కునే చోటు. 2015 నాటికి విద్యార్థుల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఆసియా సంతతి వాళ్ళే. ఆ ఏడాది సూపరింటెండెంటు డేవిడ్ ఆడర్‌హోల్డ్ తల్లిదండ్రులకు 16 పేజీల ఉత్తరం రాశారు. అంతకు ముందు విద్యాసంవత్సరంలో 120 మంది మిడిల్, హైస్కూలు పిల్లల్ని మానసిక వైద్యుల పరీక్షకు పంపవలసి వచ్చింది. నలభై మందిని ఆసుపత్రిలో చేర్చారు. ఆయన హైస్కూల్లో మిడ్‌టర్ములు, ఫైనల్సు ఎత్తేశారు, హోంవర్కు లేని రాత్రులు పెట్టారు. ఊరు రెండుగా చీలింది. చదువుని పలచన చేస్తున్నారని వలస వచ్చిన తల్లిదండ్రులు చాలామంది అభ్యంతరం చెప్పారు.

వారి భయం నాకు అర్థమవుతుంది. ఎంసెట్‌లో ఒక్క మార్కుతో ర్యాంకు ఎక్కడికి జారుతుందో చూసినవాళ్ళం. మనల్ని ఈ దేశం చేర్చింది ఆ నిచ్చెనే. కాని మన పిల్లలు ఆ నిచ్చెన చూడలేదు. వాళ్ళకి అందింది దాని భయం మాత్రమే. మన దేశం నుంచే వచ్చిన మనస్తత్వ శాస్త్రవేత్త సునియా లూథర్ 1999లో ప్రచురించిన పరిశోధనలో, కలవారి సబర్బు పిల్లలు నగరంలోని పేదపిల్లల కన్నా ఎక్కువ ఆందోళన చెప్పుకున్నారు. అప్పట్లో అది చాలామందిని ఆశ్చర్యపరిచింది.

ఇక తట్టుకోవడం సంగతి. లాజరస్, ఫోక్‌మన్ 1984లో రాసిన పుస్తకంలో దీన్ని రెండు దారులుగా చెప్పారు: సమస్యని సరిచేసుకోవడం, మనసుని సర్దుకోవడం. మన ఇళ్ళల్లో మొదటిదే నేర్పుతాం. లెక్కలు రాకపోతే ట్యూషను పెడతాం. అది చేతిలో ఉన్న సమస్యకి చక్కటి మందు. చేతిలో లేనిదానికో? గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి వేచివున్న ఇళ్ళల్లో, ఇక్కడే పెరిగిన పిల్లకి 21 నిండితే తల్లిదండ్రుల వీసా మీద ఉండే హక్కు పోతుంది. ఎంత చదివినా ఆ తేదీ ఆగదు. అలాంటి పిల్లకి "ఇంకా కష్టపడు" అంటే ఏం లాభం? ఆ అమ్మాయికి కావలసింది కాసేపు తన గోడు వినేవాళ్ళు. అమ్మమ్మ ఫోనులోనైనా సరే, బాస్కెట్‌బాలైనా సరే, గది తలుపు వేసుకుని పాటలు వినడమైనా సరే. తలుపు వేసుకుంటే పొగరు అనుకోకండి. తలుపు ఎప్పుడూ తీయకపోతే మాత్రం అడగండి.

2022లో ఈ దేశపు నివారణ వైద్య నిపుణుల సంఘం 8 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు ఆందోళన గురించీ, 12 నుంచి 18 వారికి డిప్రెషన్ గురించీ ప్రశ్నలు అడగమని వైద్యులకు సిఫారసు చేసింది. అవి ఒత్తిడి స్కేలు కాదు, వేరే ఫారాలు. చెకప్పుకి వెళ్ళినప్పుడు ఇస్తే ఉలిక్కిపడకండి. ఇవ్వకపోతే మీరే అడగండి. నింపేటప్పుడు మేము తల్లిదండ్రుల్ని కాసేపు బయట కూర్చోమంటాం. కొందరికి కోపం వస్తుంది. "నా ముందు చెప్పలేనిది ఏముంటుందండీ?" అంటారు. పక్కన నాన్న కూర్చుంటే మన పిల్లలు అన్నింటికీ సున్నాలే చుడతారు, ఆ సున్నాలతో నేనేం చెయ్యను? అయితే ప్రాణానికి ప్రమాదం అనిపించే జవాబు ఏదైనా వస్తే మీకు చెప్పకుండా ఉండం. ఆ సంగతి పిల్లలకీ ముందే చెబుతాం.

ఇంట్లోనే అలాంటి మాట వినబడితే అపాయింట్‌మెంటు దాకా ఆగవద్దు. 2022 జులై నుంచి దేశమంతటా 988 నంబరు పనిచేస్తోంది. పిల్లలైనా, వారి గురించి కంగారుపడే పెద్దలైనా, పగలైనా రాత్రైనా ఫోను చెయ్యవచ్చు, టెక్స్టు పంపవచ్చు. ప్రాణం మీదికి వచ్చిన క్షణమైతే 911.